అబ్బాయిని గ్రెట్జ్కీని చెయ్యాలనుకుంటున్న నాన్నగారికి

కెనడాలోని బ్రాంప్టన్ నుంచి ఒక తండ్రి రాశారు: "మాది గుంటూరు. బాబుకి 13 ఏళ్లు. ఐస్ హాకీలో ట్రిపుల్ ఎ జట్టులో, అంటే పిల్లల హాకీలో పై స్థాయి జట్టులో ఆడుతున్నాడు. వచ్చే ఏడాది హాకీ అకాడమీలో వేద్దామనుకుంటున్నాను, ఊళ్లో స్థలం అమ్మితే ఫీజుకి సరిపోతుంది. కొన్నేళ్లు ఆటగాడు, తర్వాత కోచ్, ఆ తర్వాత టీమ్ ఓనర్. ఐస్ హాకీ దిగ్గజం వేన్ గ్రెట్జ్కీ అలాగే ఎదిగాడు కదా! ఓహెచ్‌ఎల్ (ఒంటారియో హాకీ లీగ్ అనే కుర్రాళ్ల లీగ్) మంచిదా, అమెరికా కాలేజీ హాకీ మంచిదా? ప్రతి మ్యాచ్ అయ్యాక కారులో వాడి తప్పులన్నీ వివరంగా చెబుతూనే ఉంటాను. మా ఆవిడ మాత్రం చదువు పోతుందని భయపడుతోంది."

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది సార్. బాబుని ఇంకా ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో (లీగ్ జట్లు కుర్రాళ్లని ఎంచుకునే పద్ధతి) తీసుకోలేదు, మీరు అప్పుడే జట్టు కొనేశారు.

గ్రెట్జ్కీ పేరెత్తారు కాబట్టి ఆయన కథ చివరిదాకా చూద్దాం. ఆటగాడిగా ఆయనకి వంక పెట్టేవాళ్లు లేరు. ఎడ్మంటన్ జట్టుకి నాలుగు స్టాన్లీ కప్పులు, ఎన్‌హెచ్‌ఎల్‌లో (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్, దాని ట్రోఫీయే స్టాన్లీ కప్పు) 894 గోల్స్. ఆ రికార్డు దాటడానికి రష్యా ఆటగాడు ఒవెచ్కిన్‌కి 2025 దాకా పట్టింది. 1999లో ఆట మానేశాక అరిజోనాలోని కొయొటీస్ జట్టులో వాటా తీసుకున్నాడు, 2005లో దానికే కోచ్ అయ్యాడు. నాలుగు సీజన్లలో 143 గెలుపులు, 161 ఓటములు, అదనపు సమయంలో పోయినవి ఇంకో 24. ఒక్కసారి కూడా ప్లేఆఫ్స్‌కి వెళ్లలేదు. 2009 మేలో జట్టు దివాలా పిటిషన్ వేసింది, సెప్టెంబర్‌లో ఆయన తప్పుకున్నాడు. చివరికి 2024లో ఆ జట్టు ఆటగాళ్లు సాల్ట్ లేక్ సిటీకి తరలిపోయారు. ఆటలో అంతటివాడికే కోచింగ్ కలిసిరాలేదు, ఓనర్‌షిప్ అంతకన్నా కలిసిరాలేదు. ఎందుకంటే ఇవి ఒకే ఉద్యోగంలో మూడు ప్రమోషన్లు కావు. మూడూ వేరు వేరు పనులు.

ఓనర్‌గా నెగ్గినవాడు ఇంకో పెద్ద ఆటగాడు, మారియో లెమ్యూ. ఆయన జట్టు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ 1998లో దివాలా తీసేనాటికి ఆయనకే కోట్ల డాలర్ల జీతం బాకీ ఉంది. ఆ బాకీలో చాలా భాగం వాటాగా మార్చుకుని 1999లో ఓనర్ అయ్యాడు. దీన్ని కెరీర్ ప్లాన్ అనగలమా? అప్పు వసూలు కాక షాపు రాయించుకోవడం అది. ఇక కోచ్‌ల సంగతి. టాంపా బే జట్టుకి 2020లో, 2021లో వరుసగా కప్పు తెచ్చిన జాన్ కూపర్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. లా చదివి మిషిగన్‌లో లాయరుగా పనిచేసినవాడు. మీ ఆవిడకి ఈ సంగతి తప్పకుండా చెప్పండి, చదువుకున్నవాడికి రింక్ తలుపు మూసుకుపోదని ఆమెకి ధైర్యం వస్తుంది.

ఇప్పుడు అకాడమీ. నాకు అసలు అనుమానం ఇక్కడే. ఈమధ్య నాకు వచ్చే ప్రతి హాకీ ఉత్తరంలోనూ ఈ మాట ఉంటోంది: సగం రోజు ఐస్ మీద, సగం రోజు పుస్తకాల మీద, ఏడాది పొడుగునా శిక్షణ. వాళ్ల గోడ మీద పైలీగుల్లోకి వెళ్లిన కుర్రాళ్ల ఫొటోలుంటాయి. మన ఊళ్లో ఇంటర్ కాలేజీల ఫ్లెక్సీలు చూసినవారే కదా మీరు, ర్యాంకు రాని పిల్లల ఫొటో ఎవరైనా వేస్తారా? వెళ్లి అడగండి: నాలుగేళ్ల కిందట చేరిన బ్యాచ్ మొత్తం ఇప్పుడెక్కడుంది? మధ్యలో ఎంతమంది మానేశారు? గాయపడితే ఫీజు వెనక్కిస్తారా? జవాబు చెప్పకుండా బ్రోషర్ చేతిలో పెడితే లేచి వచ్చేయండి. ఎన్‌హెచ్‌ఎల్‌లో 32 జట్లు, జట్టుకి 23 మంది. అంటే ప్రపంచం మొత్తానికి 736 చోట్లు. ఏడాది పొడుగునా ఐస్ మీదే ఉండాలన్నది కూడా నాకు ఎక్కదు. గ్రెట్జ్కీ చిన్నప్పుడు వేసవి వస్తే బేస్‌బాల్, లక్రాస్ ఆడుకునేవాడు.

కారులో క్లాసు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మీరు చేస్తున్నది తప్పు. పదమూడేళ్లవాడు తన తప్పు మొదట తనే చూసుకుంటాడు, బెంచ్ మీద కోచ్ ఇంకోసారి చూపిస్తాడు, మూడోసారి సీటు బెల్టు పెట్టుకుని తండ్రి దగ్గర వినాలా? గ్రెట్జ్కీ తండ్రి వాల్టర్ కూడా కొడుక్కి చాలా నేర్పాడు, నిజమే. బెల్ కెనడాలో ఉద్యోగం చేసుకుంటూ, చలికాలంలో పెరట్లో నీళ్లు పోసి గడ్డకట్టించి రింక్ చేసిచ్చాడు. దానికి ఆయన స్థలం అమ్మలేదు. పైగా కొడుకుని సొంత ఊరి తల్లిదండ్రులే గేలి చేస్తుంటే పద్నాలుగేళ్లకే టొరంటో పంపాల్సి వచ్చింది. గ్యాలరీలో అరిచే పెద్దవాళ్ల వల్ల పిల్లలకి ఏమవుతుందో ఆ ఇంటికి బాగా తెలుసు.

ఓహెచ్‌ఎలా, కాలేజీనా అన్నారు. ఒకప్పుడు ఓహెచ్‌ఎల్‌లో ఆడితే ఎన్‌సీఏఏ డివిజన్ వన్ (అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి) తలుపు మూసుకుపోయేది. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధన పోయింది. కాబట్టి ఆ దారికి ఈ దారి అడ్డం అన్న భయం వద్దు. ఓహెచ్‌ఎల్ డ్రాఫ్ట్ పదహారు నిండే ఏడాదిలో వస్తుంది. పిలుపు వస్తే చాలామంది పిల్లలు వేరే ఊళ్లో ఇంకొకరి ఇంట్లో ఉండి చదువుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఒప్పందంలో చదువు ఖర్చు గురించిన పేరాని మీ ఆవిడ చేత చదివించండి. కాలేజీ దారి కావాలన్నా హైస్కూల్ మార్కులు ఎలాగూ కావాలి. రెండిటికీ ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే: ఉన్న జట్టులో ఆడనివ్వండి, మామూలు బడిలో చదవనివ్వండి.

మీ ఉత్తరమంతా చదివాక నాకు కనిపించింది హాకీ కాదు. దేశం మారి వచ్చాం, పిల్లవాడు ఇక్కడ అందరికన్నా ఓ మెట్టు పైన ఉండకపోతే వచ్చిన ఫలమేంటన్న బెంగ. అంత బెంగ అక్కర్లేదు సార్. ఆ ఊళ్లో పుట్టి స్కేట్స్ మీద పెరిగిన పిల్లల మధ్య మీవాడు ట్రిపుల్ ఎలో చోటు సంపాదించుకున్నాడు. ప్రొఫెషనల్ కాకపోయినా ఫిజియోథెరపీ, వీడియో అనలిస్టు, రిఫరీ పని, బడిపిల్లల కోచింగ్ అన్నీ ఆ ఆటలోనే ఉన్నాయి. చిన్నపిల్లల ఆటలకి రిఫరీగా ఎప్పటినుంచి తీసుకుంటారో మీ క్లబ్‌లో కనుక్కోండి.

స్థలం అమ్మే మాట ఆ ఓహెచ్‌ఎల్ డ్రాఫ్ట్ అయ్యేదాకా ఎత్తకండి, బ్రోకరు దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఈ వారమే వెనక్కిచ్చేయండి.