సంచి విప్పే ముందు సంత చూడు

తల్లీ,

విపత్తు ప్రాంతంలో నగదు పంపిణీ బాధ్యత నీకు అప్పజెప్పారని తెలిసింది. డబ్బు చేతికిస్తే ఎవరికి కావలసింది వాళ్లే కొనుక్కుంటారు. ఒక ఇంటికి మందులు, ఒక ఇంటికి పైకప్పు రేకులు, ఇంకొకరికి తీర్చక తప్పని బాకీ. మంచి పద్ధతే. అయితే కొనడానికి అంగట్లో సరుకుండాలి. అందుకని ముందు సంతకు వెళ్లు.

దుకాణం తెరిచి ఉంటే చాలదు. ఉన్న సరుకు ఎన్ని రోజులకు వస్తుంది, కొత్త లోడు ఎన్నాళ్లకు దిగుతుంది, గిరాకీ రెట్టింపైతే తెప్పించగలరా, టోకు వ్యాపారి అరువిస్తున్నాడా అని ఐదారుగురిని అడుగు. ఆ చివరి ప్రశ్న చాలామంది అడగరు. దారి బాగున్నా అరువు ఆగిపోతే చిన్న దుకాణం ఖాళీ అవుతుంది. అలాంటిచోట ముందు దుకాణదారుకు కాస్త పెట్టుబడి అందించాలి. సరుకు వచ్చే దారే మూసుకుపోతే మాత్రం సరుకే పంపు. అక్కడ డబ్బు పోస్తే ధర పెరుగుతుంది తప్ప గింజ పెరగదు. 2011 సోమాలియా కరువులో ఆహార సాయం చొరలేని ప్రాంతాలకు కూడా హవాలా వ్యాపారుల (బ్యాంకు లేకుండా నమ్మకం మీద ఒకచోటి నుంచి ఇంకోచోటికి డబ్బు చేర్చేవాళ్ల) ద్వారా నగదు చేరింది. వర్తకులు సరుకు తెప్పిస్తూనే ఉన్నారు కాబట్టి ఆ డబ్బు తిండిగా మారింది.

ఎంత ఇవ్వాలో తేల్చడానికి చేతిలో ఉన్న నిధిని కుటుంబాల సంఖ్యతో భాగించకు. కనీస నెల ఖర్చు నుంచి మొదలుపెట్టు. తిండికి స్ఫియర్ (విపత్తు సాయంలో సంస్థలు పాటించే కనీస ప్రమాణాల పుస్తకం) చెప్పేది మనిషికి రోజుకు 2100 కిలోక్యాలరీలు, అంటే ఐదుగురి ఇంటికి 30 రోజులకు 3,15,000. దానికి సరిపడే సరుకును ఆ సంతలో ఆ వారం ధరకే లెక్కకట్టు. అద్దె, నీళ్లు, వంటచెరకు, సబ్బు, మందులు కలుపు. మొత్తం 100 అనుకుంటే, సొంత రాబడి 30, ఇతరుల సాయం 20 పోను మనం పూడ్చాల్సింది 50. డబ్బు తీసుకునే ఛార్జీ, దారి ఖర్చు దీనికి అదనంగా ఇవ్వాలి. లేకపోతే అవి తిండి డబ్బులోంచే పోతాయి. ధరలు ఎంత శాతం పెరిగితే మనం ఇచ్చే మొత్తాన్ని పెంచాలో దాతతో ముందే రాయించుకో. పెరిగాక అడిగితే అనుమతి వచ్చేలోపు నెల గడిచిపోతుంది.

నగదు బదులు దుకాణంలో సరుకు తీసుకునే కూపన్లే ఇవ్వాల్సి వస్తే ఒకటి గుర్తుపెట్టుకో. సరుకు పేరు, తూకం రాసిన కూపన్‌లో ధర పెరిగితే భారం సంస్థది. విలువ మాత్రమే రాసిన కూపన్‌లో ఆ భారం ఇంటిది. ప్రతి కూపన్ మీద వరుస సంఖ్య, గడువు తేదీ ఉండాలి, కౌంటర్‌ఫాయిల్ మన దగ్గర మిగలాలి. దుకాణదారు 100 విలువ కూపన్ తీసుకుని 80 నగదు చేతిలో పెడుతున్నాడంటే వెంటనే దొంగ అనకు, రెండు సంగతులు వెతుకు. ఆ ఇంటికి సరుకు కన్నా నగదే అవసరమై ఉండవచ్చు, లేదా అతను తెచ్చిన కూపన్ల బిల్లు మనం ఆలస్యంగా చెల్లిస్తుంటే అతను ఆ నష్టాన్ని అక్కడ రాబట్టుకుంటూ ఉండవచ్చు. బిల్లులు ఏ తేదీకి కడతామో ఒప్పందంలో రాసి, ఆ తేదీ తప్పకు.

పంపిణీ రోజున చిన్న నోట్లు తప్పనిసరి. అందరికీ పెద్ద నోట్లే ఇస్తే చిల్లర లేదని దుకాణాల్లో అక్కరలేనివి అంటగడతారు. జాబితాలోని పేరు, గుర్తింపు కార్డులోని పేరు వారం ముందే పోల్చి చూడు. ఒక్క అక్షరం తేడాకే ముసలివాళ్లను వరసలోంచి వెనక్కి పంపుతారు. మంచం దిగలేనివాళ్ల తరఫున ఎవరు తీసుకోవాలో కూడా అప్పుడే రాయించు. జాబితా రాసినవాళ్లు డబ్బు పంచకూడదు, పంచినవాళ్లు లెక్క సరిచూడకూడదు. జాబితా కాగితాన్ని గోడకు అంటించే ముందు, ఆ పేర్లు బయటపడితే ఎవరికైనా ముప్పుందేమో ఆలోచించు.

రెండు మూడు వారాలకు కొన్ని ఇళ్లకు వెళ్లు. ఖర్చు దేనికైందో అడుగు, ఎవరు నిర్ణయించారో కూడా అడుగు, ఇంటి ఆడవాళ్లతో విడిగా మాట్లాడు. ఫిర్యాదులు ఒక్కటీ రాకపోతే సంతోషపడకు. ఫిర్యాదు చేసే ఫోన్ నంబరు ఎంతమందికి తెలుసో, ఆ పిలుపుకు డబ్బు పడుతుందేమో కనుక్కో. చివరి విడత ఏ నెలదో మొదటి విడత నాడే చెప్పు. అది తెలియక, వచ్చే నెల సాయాన్ని నమ్ముకుని అప్పు చేసే ఇళ్లుంటాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ