పాత పేపర్ల హెడ్డింగులు చదివి ఎప్పుడైనా పడీపడీ నవ్వారా?

నవ్వాను. అదీ మోకాళ్ళ మీద కూచుని, చేతిలో సుత్తితో.

మేం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో కొన్న ఇల్లు 1930ల నాటిది. పడగ్గదిలో కార్పెట్ పీకితే కింద లినోలియం షీటు, అది కూడా పీకితే చెక్క నేల మీద ఈ చివర్నించి ఆ చివరి దాకా పరిచిన న్యూస్ పేపర్లు. మనం బీరువా అరల్లో, వంటింటి డబ్బాల కింద పేపరు పరుస్తాం కదా, వీళ్ళు ఏకంగా గదికే పరిచేశారు. దుమ్ము దులిపి చూస్తే 1953 జూన్, అంటే రెండో ఎలిజబెత్ పట్టాభిషేకం జరిగిన వారం. పొద్దున్నే ముగించాల్సిన పని సాయంత్రం దాకా సాగింది, ఎందుకంటే మా ఆయన ఒక్కో షీటు ఎత్తడం, నేను దాన్ని లాక్కుని చదవడం.

అన్నిటికంటే పైన దొరికింది జూన్ 2 నాటి డైలీ ఎక్స్‌ప్రెస్ మొదటి పేజీ. హెడ్డింగ్‌ని తెలుగులో చెప్పాలంటే 'ఇవన్నీ చాలవన్నట్టు ఎవరెస్టు కూడా!' అన్నమాట. పట్టాభిషేకం రోజు పొద్దున్నే ఎవరెస్టు ఎక్కేశారని వార్త. ఎక్కింది మే 29న, ఎక్కినవాళ్ళలో ఒకాయన న్యూజిలాండ్ తేనెటీగల పెంపకందారు హిల్లరీ, ఇంకొకాయన డార్జిలింగ్‌లో ఉండే షెర్పా టెన్సింగ్. టీమ్ బ్రిటిష్ వాళ్ళదే, కాదనను, కానీ ఆ హెడ్డింగ్ చదివితే కొండని పెళ్ళికూతురికి అరణంగా ఇచ్చినట్టుంది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే.

అసలు ఆ వార్త లండన్‌కి చేరిన తీరు ఇంకా బాగుంటుంది. ఆ టీమ్ వార్తలు ముందు తమకే అందేలా టైమ్స్ పత్రిక ఒప్పందం చేసుకుంది. ఆ పత్రిక విలేకరి జేమ్స్ మోరిస్ కొండ దిగి వచ్చి, దగ్గర్లో ఉన్న నామ్చే బజార్‌లో మన భారత పోలీసుల వైర్‌లెస్ నుంచి కబురు పంపాడు. దారిలో వేరే పేపర్లవాళ్ళు పసిగట్టకూడదని ముందే కోడ్ పెట్టుకున్నారు. 'మంచు పరిస్థితి బాగాలేదు' అంటే ఎవరెస్టు ఎక్కేశాం అని, 'ముందరి క్యాంపు వదిలేశాం' అంటే హిల్లరీ, 'మెరుగుపడుతుందేమోనని చూస్తున్నాం' అంటే టెన్సింగ్. ఇది చదివాక నాకు మా పెద్దమామయ్య టెలిగ్రామ్ గుర్తొచ్చింది. ఆయన నాగపూర్‌లో ఉద్యోగం చేసేటప్పుడు 'అమ్మకి సీరియస్, వెంటనే బయల్దేరు' అని వస్తే ఏడ్చుకుంటూ రైలెక్కాడట, తీరా ఇంటికొస్తే అమ్మమ్మ జంతికలు వేయిస్తోంది, మర్నాడు పొద్దున పెళ్ళిచూపులు. మన కోడ్ కూడా తక్కువదేం కాదు.

ఇక లోపలి పేజీలు. యుద్ధం అయిపోయి ఎనిమిదేళ్ళయినా బ్రిటన్‌లో అప్పటికింకా పంచదార, మాంసం రేషనే. పట్టాభిషేకం సందర్భంగా మనిషికి ఒక పౌను, అంటే అర కిలోకి కొంచెం తక్కువ, పంచదార అదనంగా ఇచ్చారు. ఓ పక్క నాలుగు టన్నుల బంగారు రథం, ఎనిమిది గుర్రాలు, మరో పక్క కార్డు పట్టుకుని పండగ కోటాకి క్యూ. ఇందులో నాకు పరాయితనం ఏమీ కనిపించలేదు.

అన్నిటికన్నా నన్ను నవ్వులో ముంచేసింది ఎద్దుల సంగతి. వేడుకల్లో ఎద్దుని మొత్తంగా నిప్పుల మీద కాల్చి ఊరంతా తినడం వాళ్ళకి పాత అలవాటు. రేషన్ కాబట్టి ఆహార శాఖ పర్మిషన్ కావాలి. శాఖ పెట్టిన షరతు ఏమిటంటే, పాత పట్టాభిషేకాలకి కూడా మీ ఊళ్ళో ఎద్దుని కాల్చేవారని రుజువు చూపించాలి. అలా 82 ఊళ్ళకి అనుమతి దొరికింది. ఊహించుకోండి, భీమవరంలో కోడిపందేలవాళ్ళని కలెక్టరాఫీసుకి పిలిచి 'సంప్రదాయం అంటున్నారు కదా, మీ ముత్తాత పందెం కట్టినట్టు కాగితం పట్రండి' అంటే ఎలా ఉంటుందో! (మనవాళ్ళు తెస్తారు. స్టాంపుతో సహా తెస్తారు.)

పక్కింటి పెద్దావిడకి ఆ రోజు పదకొండేళ్ళట. పేపర్లు చూపిస్తే కళ్ళజోడు తెచ్చుకుని మరీ కూచుంది. ఆ ఏడాది దేశంలో ఉన్నవి 27 లక్షల టీవీలు, చూసినవాళ్ళు 2 కోట్ల మంది. వీళ్ళ వీధిలో టీవీ ఒక్క ఇంట్లోనే ఉందట, పిల్లలంతా నేల మీద, పెద్దవాళ్ళు వెనకాల నిలబడి. మా ఊళ్ళో ఆదివారం పొద్దున దూరదర్శన్ కోసం కరణం గారి వరండాలో మేం కూచున్నట్టే. "అంతా బాగుందా మరి?" అంటే, "ఏం బాగు, మూడు గంటలు! నిద్రపోయాను" అంది. పైగా రాణికి తైలం పూసే ఘట్టం మరీ పవిత్రమని కెమెరాకి చూపించలేదు. అంటే పట్టాభిషేకం మొత్తంలో అభిషేకం ఒక్కటీ కట్ అన్నమాట!

ఆ రోజు లండన్‌లో ఒకటే వాన. ఊరేగింపులో చాలామంది బండ్లకి టాప్ వేసుకుంటే, పసిఫిక్ దీవుల దేశం టోంగా రాణి సాలోటే మాత్రం టాప్ లేకుండా తడుస్తూ, నవ్వుతూ చెయ్యూపుకుంటూ వెళ్ళింది. పెద్దావిడకి కిరీటం కంటే ఆవిడే బాగా గుర్తుంది.

నెహ్రూ గారు కూడా ఆ వేడుకకి వెళ్ళారు. ఆయన అక్కడుంటే ఇక్కడ మనవాళ్ళు అదే వేసవిలో కొత్త ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఎక్కడ అని కొట్టుకుంటున్నారు. చివరికి కర్నూలు అనుకున్నారు. 1953 పేపర్లన్నిట్లో ఒక్క అక్షరం మార్చకుండా మళ్ళీ అచ్చువేసుకోగల హెడ్డింగ్ ఏదైనా ఉందంటే అదే.

ఎవరెస్టు పేజీ ఫ్రేమ్ కట్టించాం, మిగతావి పెద్దావిడ పట్టుకెళ్ళింది. వీడియో కాల్‌లో అమ్మకి చూపిస్తే ఒకటే మాట: "చూశావా, దొరలు కూడా పేపర్లు పరుస్తారు, నువ్వే పరవవు." అందుకని కొత్త నేల వేసేముందు ఒక మూల నేనూ పరిచాను. అమ్మ ఆవకాయ సీసాకి చుట్టి పంపిన జిల్లా ఎడిషన్, ఎమ్మెల్యే గారి శంకుస్థాపన ఫోటో, ఆయన మొహం మీద సరిగ్గా అరచేయంత నూనె మరక.