స్టెంట్ వేశాక పన్ను పీకించుకోవాలంటే మాత్రలు ఆపాలా?

గుండెపోటు వచ్చి స్టెంట్ (రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న లోహపు జాలీ గొట్టం) వేసి నాలుగు నెలలైంది, ఇప్పుడు పన్ను పీకడానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వారం ఆపమన్నారని మీ నాన్నగారి గురించి రాశారు. దయచేసి మీ అంతట మీరు ఆపకండి. ముందు స్టెంట్ వేసిన కార్డియాలజిస్టును అడగండి.

రక్తనాళం మళ్లీ సన్నబడకుండా ఈ మాత్రలే కాపాడతాయని మీరు అనుకుంటున్నారు. నాళం సన్నబడటం వేరే సంగతి; ఈ మాత్రలు ఆపేది రక్తం గడ్డకట్టడాన్ని. నాళంలోకి పంపిన చిన్న బెలూన్‌తో సాగదీసినచోట గాయం మానుతూ గోడలోని కండర కణాలు పెరిగి దారి పూడుకుపోతుంది. బెలూన్ ఒక్కటే వాడిన రోజుల్లో ఆరు నెలల్లోపు నూటికి 30-40 మందికి ఇలా అయ్యేది. ఇప్పటి స్టెంట్ల పూతలోని సిరోలిమస్, ఎవెరోలిమస్ లాంటి మందులు ఆ పెరుగుదలను అణచివేస్తాయి. అయితే అవే మందులు స్టెంట్ లోహం మీద కొత్త పొర కట్టడాన్నీ ఆలస్యం చేస్తాయి. పొర లేని లోహం మీద రక్తం గడ్డకడితే నిమిషాల్లో మళ్లీ గుండెపోటే. గుండెపోటు తర్వాత మామూలుగా ఏడాదిపాటు రెండు మాత్రలూ వాడమనేది అందుకే.

ఒక్క పన్నయితే సాధారణంగా మాత్రలు ఆపకుండానే పీకుతారు. పొద్దునపూట అపాయింట్‌మెంట్ తీసుకోండి, రక్తం కారితే చూడటానికి పగలంతా ఉంటుంది. కుట్టు వేయించుకుని, గాజుగుడ్డను అరగంట గట్టిగా కొరికి పట్టుకోవాలి. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు, పారాసిటమాల్ వాడవచ్చు. గ్యాస్ మాత్ర ఒమెప్రజోల్ అయితే పాంటాప్రజోల్‌కు మార్చవచ్చేమో అడగండి; ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తుంది.

నడిచినప్పుడు ఛాతీ పట్టేసినట్టుండటం మళ్లీ మొదలైతే నాళం సన్నబడుతోందేమో చూపించుకోవాలి. కూర్చున్నా తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.