మెడ దగ్గర ముద్ద మోత

తీగలూ తిప్పలూ: పాఠకుల ప్రశ్నలకు నల్లగొండ మోటారు వైండింగ్ మేస్త్రీ జవాబులు

ప్రశ్న: అన్నగారికి నమస్కారం. మాది మిర్యాలగూడ. ఆదివారాలు చర్చిలో, పెళ్లిళ్ల రోజుల్లో ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాను. నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్, మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లు, అంటే తీగల ఊపును కరెంటుగా మార్చే, అయస్కాంతం చుట్టూ ఒక్కో కాయిల్ చుట్టిన భాగాలు. మెడ దగ్గరుండే నెక్ పికప్ పెడితే మందపు తీగలు ముద్దగా మోగుతున్నాయి. కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిపి వాయిస్తే, ఏ స్వరం ఏదో తెలియదు. పైగా ఇంటి వెనకే రైస్ మిల్లు. అది నడుస్తున్నంతసేపూ ఆంప్ (ఆంప్లిఫైయర్) లోంచి ఒకటే రొద. ఒక షాపులో అడిగితే అన్నింటికన్నా ఎక్కువ ఓమ్‌లున్న పికప్ వేయించుకోమన్నారు. ఐదు వేలు దాచుకున్నాను. ఏది కొనమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఆ ఐదు వేలు ఇంకో వారం జేబులోనే ఉండనివ్వండి.

ముందు ఓమ్‌ల సంగతి, అంటే చుట్టిన తీగ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె సంగతి. ముప్పై ఏళ్లుగా బోరు మోటార్లు చుడుతున్నాను. మీటరు పెట్టి ఓమ్‌లు చూసి, ఈ మోటారు ఎన్ని అడుగుల లోతు నుంచి నీళ్లు తోడుతుందో చెప్పమంటే నేను చెప్పలేను. పికప్ కూడా అంతే. చుట్లు పెంచకుండా, కాయిల్ చుట్టే తీగను ఇంకాస్త సన్నది వాడినా ఓమ్‌లు పెరుగుతాయి. ఆ అంకెను చూసి బలం అంచనా వేయడం, బస్తా మీద అచ్చు చూసి బియ్యం రుచి చెప్పడం లాంటిది. మిర్యాలగూడ వారికి ఆ తేడా నేను చెప్పాలా?

మెడ దగ్గర అసలు ఏం జరుగుతుందో చూడండి. బట్టలారేసే దండేన్ని ఒకసారి లాగి వదిలితే, కొక్కేల దగ్గర కదలిక కనిపించదు, నడిమికి వస్తున్నకొద్దీ ఊపు పెరుగుతుంది. గిటార్ తీగ కూడా దాని కింది కొసను పట్టి ఉంచే బ్రిడ్జ్ దగ్గర బిగుసుకుని ఉంటుంది, మెడ వైపు విశాలంగా ఊగుతుంది. అందుకే మెడ దగ్గర పెట్టిన పికప్‌కు ఊరికే గట్టి ధ్వని, నిండు ధ్వని దొరుకుతుంది. 1954లో వచ్చిన మొదటి స్ట్రాటోకాస్టర్లలో మూడు పికప్‌లూ దాదాపు ఒకే తీరుగా చుట్టినవే. తరువాత తయారీదారులు బ్రిడ్జ్ పికప్‌కు చుట్లు పెంచి ఆ లోటు తీర్చడం మొదలుపెట్టారు. చుట్లు పెరిగినకొద్దీ పై స్వరాల మెరుపు తగ్గుతుంది. బ్రిడ్జ్ దగ్గర ధ్వని ఎలాగూ పదునుగా ఉంటుంది కాబట్టి అక్కడ అది నప్పుతుంది. మెడ దగ్గర అసలే నిండుగా ఉన్న ధ్వనికి ఇంకా చుట్లు చేరిస్తే మిగిలేది మీరు చెప్పిన ఆ ముద్దే. మీకు వచ్చిన సలహా మీ రోగాన్నే రెట్టింపు చేసే మందు.

ఇది నేను కష్టపడి నేర్చుకున్న పాఠం. ఒక వానాకాలం షాపులో పని లేక, కుట్టుమిషన్ మోటారు మీద సొంతంగా పికప్ చుడదామని కూర్చున్నాను. తీగ 42 గేజ్, అంటే మందం 0.063 మిల్లీమీటర్లు. బోరు మోటారు తీగకు అలవాటు పడిన వేళ్లకు అది తలవెంట్రుక. మూడుసార్లు మూడు వేల చుట్ల దగ్గరే తెగింది. నాలుగోసారి ఆరున్నర వేల దగ్గర తెగితే విసుగొచ్చి, అక్కడికే ముడి వేసి బిగించేశాను. స్ట్రాట్ పికప్‌కు మామూలుగా ఎనిమిది వేల వరకు ఉంటాయి. సగం చచ్చిన సరుకు అనుకున్నాను. బ్రిడ్జ్ దగ్గర నిజంగానే చచ్చినట్టే మోగింది. తీసి మెడ దగ్గర పెడితే ఆరు తీగలూ ఆరుగా వినిపించాయి. ఆ గిటార్‌లో అది ఇప్పటికీ అక్కడే ఉంది.

మీ గిటార్‌కు రూపాయి ఖర్చు లేని వైద్యం ఒకటుంది. పికప్ రెండు పక్కలా మరలు ఉంటాయి. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దగ్గర తీగ నొక్కిపట్టి, తీగ అడుగు నుంచి పికప్‌లోని లోహపు మొన దాకా స్టీలు స్కేలుతో కొలవండి. మందపు తీగ వైపు రెండున్నర మిల్లీమీటర్లు, సన్నపు తీగ వైపు రెండు మిల్లీమీటర్లు ఉండేలా దించండి. అక్కడి నుంచి వింటూ, మందపు తీగ వైపు మరను అర చుట్టు చొప్పున ఇంకా దించుతూ పోండి. సెకండ్ హ్యాండ్ గిటార్లలో ఈ పికప్ తీగలకు తగిలేటంత పైకి లేపి ఉండటం చాలాసార్లు చూశాను. గట్టిగా వినిపించాలని ఎవరో చేసిన పని. అంత దగ్గరైతే అయస్కాంతం తీగనే లాగుతుంది. పై ఫ్రెట్‌లలో ఒకే స్వరం రెండుగా విడిపోయి కొట్టుకుంటున్నట్టు ఉంటుంది, ఎంత శ్రుతి చేసినా కుదరదు. దించితే మోత కాస్త తగ్గుతుంది. ఆంప్‌లో వాల్యూమ్ పెంచుకోండి, దానికి ఎవరూ డబ్బులు అడగరు.

ఇక రొద. ఏ పికప్ మోగాలో ఎంచే స్విచ్‌ను (సెలెక్టర్) మెడ, మధ్య పికప్‌లు రెండూ కలిసే చోట పెట్టి వినండి. మీ మధ్య పికప్ ఎదురు చుట్టుతో చేసినదైతే రొద అక్కడ మాయమవుతుంది. అలా మాయమైందంటే తప్పు కాయిల్‌ది. తీగ ఊగడం వల్ల మారే అయస్కాంత క్షేత్రమేదో, మిల్లు వైర్లలోని 50 హెర్ట్జ్ కరెంటు వల్ల మారేదేదో కాయిల్‌కు తెలియదు, రెండింటినీ ఆంప్‌కు పంపుతుంది. అలా కాకుండా తీగల మీద చెయ్యి పెట్టగానే రొద తగ్గిపోతుంటే, లోపల షీల్డింగ్, అంటే బయటి రొదను ఆపే లోహపు తొడుగు, సరిగా లేదు. గిటార్ గుంతలో రాగి రేకు అంటించి, దాన్ని గ్రౌండ్ వైరుకు కలిపితే చాలావరకు పోతుంది. పికప్ మార్చే పని లేదు.

కాయిల్‌దే తప్పని తేలితే అప్పుడు కొనండి. రెండు కాయిల్‌లను ఎదురెదురు చుట్టుతో, ఎదురెదురు అయస్కాంత ధ్రువాలతో కలిపితే రొదలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తీగ ధ్వని మాత్రం కలుస్తుంది. గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ ఇదే. పెద్ద హంబకర్‌కు చెక్క తొలచాలి, మీకు వద్దు. సింగిల్ కాయిల్ గుంతలోనే పట్టేవి రెండు రకాలు. రెండు కాయిల్‌లు పక్కపక్కన ఉండి పైన రెండు ఇనుప పట్టీలు కనిపించేది రైల్ రకం. ఒకదాని కింద ఒకటి ఉండేది స్టాక్ రకం. రైల్ రకంలో ధ్వని లావు, డిస్టార్షన్ (ధ్వనిని కావాలని గరుకు చేయడం) పెట్టి సోలో వాయించేవారికి బాగుంటుంది. మీరు చర్చిలో ఎక్కువగా కార్డ్‌లే వాయిస్తారు కాబట్టి నా ఓటు స్టాక్‌కే. అందులోనూ తక్కువ బలంది, నెక్ కోసమే అని రాసి ఉన్నది అడగండి. స్టాక్ కాస్త లోతుగా ఉంటుంది, గుంత లోతు ముందే కొలుచుకోండి. మిగతా రెండు పికప్‌లు మార్చకండి, వాల్యూమ్ కంట్రోల్ 250 కిలో ఓమ్‌లదే ఉంచండి.

కొత్తది బిగించాక మెడ, మధ్య పికప్‌లు కలిపితే ధ్వని రేకు డబ్బాలా పలచబడిందా? రెండూ ఎదురుబొదురు ఫేజ్‌లో ఉన్నట్టు, అంటే ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగుతున్నట్టు. పాత ముల్లు మీటరు దొరికితే పికప్ రెండు కొసలకు తగిలించి, మొనల మీద స్క్రూడ్రైవర్ ఆనించి చటుక్కున పైకి తీయండి. ముల్లు ఏ వైపు తొణికిందో చూడండి. రెండు పికప్‌లకూ ఒకే వైపు తొణకాలి. లేకపోతే కొత్తదాని హాట్ వైరు (ధ్వని సిగ్నల్ పోయేది), గ్రౌండ్ వైరు తారుమారు చేసి సోల్డర్ చేయండి. ముల్లు మీటరు ఇంట్లో లేకపోతే మోటారు వైండింగ్ షాపుకు వెళ్లండి. మా దగ్గర అవి ఇంకా చావలేదు.

మీరు అడగనిది ఒకటి చెప్పాలి. పెళ్లి షామియానాల్లో ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి వాడటం కళ్లారా చూస్తున్నాను. గిటార్ తీగలు ఆంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆంప్‌కు ఎర్త్ లేకపోతే, చేతిలో తీగలు పట్టుకుని మైకుకు పెదవి తగిలించిన క్షణంలో షాక్ కొట్టవచ్చు. వాయించే ముందు తీగకూ మైకు జాలీకీ మధ్య మల్టీమీటర్ ఏసీ వోల్టేజీలో పెట్టి చూడండి. ముల్లు లేచిందంటే గిటార్ పెట్టెలో పెట్టేయండి, పెళ్లివారు ఏమనుకున్నా సరే.

ప్రశ్న: నా గిటార్‌కు 24 ఫ్రెట్‌లు. నెక్ పికప్ మా స్నేహితుడి 22 ఫ్రెట్‌ల గిటార్‌లా నిండుగా మోగడం లేదు. అదే కంపెనీ పికప్ కొంటే వస్తుందా?
– ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: రాదమ్మా. మీ స్నేహితుడి గిటార్ స్ట్రాట్ తరహాదైతే, దాని నెక్ పికప్ సుమారుగా 24వ ఫ్రెట్ ఉండాల్సిన చోట ఉంటుంది. మీ గిటార్‌లో ఆ చోటును ఫ్రెట్‌లే ఆక్రమించాయి. పికప్ బ్రిడ్జ్ వైపు జరిగింది. ఎవరి పికప్ కొన్నా జరిగిన చోటు జరిగినట్టే ఉంటుంది. టోన్ కంట్రోల్ కాస్త తగ్గించి వాయించి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి నైలాన్ తీగల గిటార్‌కు నెక్ పికప్ బిగించవచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: బిగించవచ్చు, మోగదు. ఆ పికప్‌కు ఇనుము ఊగాలి. మందపు తీగల మీద మెరిసేది వెండి పూత వేసిన రాగి, దాన్ని అయస్కాంతం పట్టదు. నమ్మకం లేకపోతే ఫ్రిజ్ మీది బొమ్మను తీసి ఆనించి చూడండి. బ్రిడ్జ్ కింద పెట్టే, అయస్కాంతం లేకుండా తీగల అదురును పట్టే పీజో పికప్ అడగండి.