పొట్టి గుర్రానికి ఎండకాలంలో ఫ్లై రగ్గు కప్పొచ్చా?

మహబూబ్‌నగర్ ఎండలకు పొట్టి గుర్రం మీద ఫ్లై రగ్గు, అంటే ఈగలు వాలకుండా కప్పే బట్ట, కప్పితే ఉడికిపోదా అని అడిగారు. సన్న జాలిది, లేత రంగుది అయితే గాలి ఆడుతుంది, భయం లేదు. ముదురు రంగు వద్దు, జోరీగలు దానికే ఎగబడతాయి. జీబ్రా చారల బట్ట మీద అవి తక్కువగా వాలతాయని 2019లో అచ్చయిన పరిశోధనలో తేలింది. దొరికితే అదే కొనండి.

కొలత మాత్రం సరిగ్గా ఉండాలి. రొమ్ము నడిమి నుంచి పక్కగా తోక మొదలు దాకా టేపు పట్టి చూడండి. పెద్ద గుర్రాల రగ్గు వేస్తే జారి కాళ్లకు చుట్టుకుంటుంది, పాపం పడిపోతుంది. రోజూ విప్పి భుజాల దగ్గర వెంట్రుకలు రాలాయేమో తడిమి చూడండి. లోపల చేతికి చెమట తగిలిందా, మధ్యాహ్నం పూట తీసేసి వేపచెట్టు నీడన కట్టేయండి.

కాళ్లను కుట్టే ఈగలను ఏ రగ్గూ ఆపలేదు. అవి లద్దె కలిసి కుళ్లిన గడ్డిలో పుడతాయి, రోజూ కొట్టం ఊడ్చి దూరంగా పోయాల్సిందే. జోరీగలు సర్రా అనే రోగాన్ని, అంటే రక్తంలో చేరే సూక్ష్మజీవి తెచ్చే జబ్బును, కూడా మోస్తాయి. జ్వరం వచ్చిపోతూ, గుర్రం చిక్కిపోతూ, కాళ్లో పొట్ట కిందో వాపు కనిపిస్తే ఆ రోజే పశువుల డాక్టరుకు చూపించండి.