పేనుకొరుకుడుకు గురివింద గింజ రాయకండి

తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడి నున్నగా అయిందని, ఇంట్లో గురివింద గింజ అరగదీసి రాద్దామంటున్నారని, పక్కింటివాళ్లు బోరు నీళ్ల వల్లే అంటున్నారని, ఐదు నెలల్లో పెళ్లి ఉందని మీరు మిర్యాలగూడ నుంచి రాశారు. నాకూ ఇదే వచ్చింది, చెవి పైన. మాది నల్లగొండే. అందుకే తెలిసినంత వివరంగా చెబుతున్నాను.

ముందుగా గురివింద సంగతి. దయచేసి రాయనివ్వకండి. ఆ గింజలో అబ్రిన్ అనే విషం ఉంటుంది. చర్మాన్ని మండించి పుండు చేస్తే కొత్త జుట్టు వస్తుందన్నది పెద్దల నమ్మకం. పేనుకొరుకుడులో జుట్టు ఊడుతుంది గాని దాని కుదురు చావదు, చర్మం కింద బతికే ఉంటుంది. మళ్లీ మొలుస్తుందన్న ఆశంతా దాని మీదే. పుండు లోతుగా పడి మచ్చకట్టిందా, ఆ కుదురే పోతుంది. ఇక ఏ మందూ అక్కడ వెంట్రుక మొలిపించలేదు. మా ఇంట్లోనూ పెద్దవాళ్లు పట్టుబట్టారు. డాక్టరుకు చూపించేదాకా ఆగమని బతిమాలి ఆపాను.

ఇది పేలు కొరికితే వచ్చేది కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదీ కాదు. మన రోగనిరోధక శక్తే పొరబడి జుట్టు కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. నీళ్ల మాటకొస్తే, మన జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ చేసిన కీడు మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. మర్రిగూడ వైపు వంగిపోయిన నడుములే సాక్ష్యం. కానీ అది పళ్లనూ ఎముకలనూ పట్టే జబ్బు. గుండ్రంగా ఒక్కచోట జుట్టు ఊడటానికి కారణం అది కాదు.

జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, మీ ఊళ్లో గాని చర్మ వైద్యులకు చూపించండి. మందుల దుకాణంలో అడిగి ఏదో ట్యూబు తెచ్చుకోవద్దు. తలలో తామర కూడా ఇలాగే మచ్చలా కనిపిస్తుంది. దానికి స్టెరాయిడ్ పూత రాస్తే ఇంకా పాకుతుంది. పొట్టు, దురద ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. థైరాయిడ్ పరీక్ష కూడా రాయవచ్చు, చేయించుకోండి.

నాకు ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ మందు సూదులు ఇచ్చారు. మచ్చలోనే అక్కడక్కడ, చాలా సన్నని సూదితో, చర్మం పైపొర కిందనే వేస్తారు. చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, కాసేపటికి తగ్గుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి మళ్లీ వేస్తారు. ఒక్కోసారి సూది పడినచోట చర్మం కొద్దిగా గుంట పడుతుంది. చాలామందికి అది మెల్లగా సర్దుకుంటుంది.

మొదట వచ్చిన వెంట్రుకలు నూగులాగా, తెల్లగా ఉన్నాయి. అద్దంలో చూసి నెరిసిపోయాయేమోనని గుబులు పడ్డాను. తర్వాత అవే నల్లబడ్డాయి. మీకూ తెల్లగా వస్తే కంగారు పడకండి. చిన్న మచ్చలు ఏ మందూ లేకుండానే ఏడాదిలోపు పూడుకోవడమూ ఉంది. మళ్లీ వచ్చే అవకాశమూ ఉంది, అది దాచను.

మందు కన్నా మనుషుల మాటలు ఎక్కువ బాధపెట్టాయి. బతుకమ్మ ఆడేచోట వెనక నిలబడ్డవాళ్ల చూపంతా నా తల మీదే ఉన్నట్టు అనిపించేది. పాపిట మార్చి దువ్వుకున్నాను, అడిగినవాళ్లకు జబ్బు పేరు నేనే చెప్పేశాను. దాచినన్నాళ్లూ ఉన్న బరువు చెప్పాక తగ్గింది. పెళ్లికొడుకు ఇంటివాళ్లకు కూడా ఇప్పుడే మామూలుగా చెప్పేయండి. ఇందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు.

పెళ్లినాడు పూలజడ వేసే ఆమెకు మచ్చ ఎక్కడుందో ముందే చూపించండి. సవరం బరువు, పిన్నులు ఆ చోట పడకుండా పక్క జుట్టుకు బిగించమనండి.