ఫొటోలు ఎక్కించే పని అనుకోకండి

ప్రశ్న: మా అమ్మాయి కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంది. ఒక ఆన్‌లైన్ రిటైల్ సంస్థ తన షాపింగ్ వెబ్‌సైట్‌లో తయారీ కంపెనీల బ్రాండ్లను చూపించే విభాగంలో ఉద్యోగం ఇస్తామంది. ఫొటోలు ఎక్కించడానికి డిగ్రీ ఎందుకని నా అనుమానం. చేరమనాలా, బ్యాంకు పరీక్షలకు చదవమనాలా? – ఒక తండ్రి

సమాధానం: బయటి నుంచి చూస్తే ఫొటోలు ఎక్కించే పనిలాగే కనిపిస్తుంది. కొన్నిచోట్ల నిజంగానే అంతకుమించి ఉండదు కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు అసలు పని ఏమిటో చూడండి.

ఒక నీళ్ల సీసా తీసుకుందాం. దుకాణంలో అయితే దాన్ని చేతిలోకి తీసుకుంటాం, మూత తిప్పి చూస్తాం, లోపలికి చెయ్యి దూరుతుందా, కడగడం సులువేనా అని ఆలోచిస్తాం. వెబ్‌సైట్‌లో ఇవేమీ కుదరవు. మన చెయ్యి చేసే పరీక్షలన్నిటికీ ఆ పేజీయే జవాబు చెప్పాలి. ‘అత్యుత్తమ నాణ్యత, ఆకట్టుకునే డిజైన్’ అని రాస్తే ఒక్క ప్రశ్నకూ జవాబు దొరకదు. ‘మూతి వెడల్పు 5 సెంటీమీటర్లు, చెయ్యి పట్టదు, బ్రష్‌తో కడగాలి’ అని రాస్తే చదివిన వాళ్లలో కొందరు కొనరు. కానీ కొన్నవాళ్లు వెనక్కి పంపరు. వెనక్కి వచ్చిన ప్రతి వస్తువుకూ రవాణా ఖర్చుంది, మళ్లీ ప్యాక్ చేసే ఖర్చుంది, పోయిన నమ్మకం ఉంది. ఆ బ్రాండ్ పరువు కాపాడేది పైన మెరిసే బ్యానర్ కాదు, ఆ 5 సెంటీమీటర్ల మాటే.

ఇక కంటికి కనిపించని పని ఒకటుంది. వస్తువు వివరాలు నింపేటప్పుడు ‘రంగు’ అనే గడి ఖాళీగా వదిలేశారనుకోండి. కొనేవాళ్లు నీలం రంగు కావాలని ఫిల్టర్ పెట్టగానే ఆ నీలం సీసా జాబితాలోంచి మాయమవుతుంది. సరుకు గోదాములో ఉంటుంది, ప్రకటనలకు డబ్బు పెడుతూనే ఉంటారు, అమ్మకాలు మాత్రం ఉండవు. ఎక్కడా ఎర్రదీపం వెలగదు. ఆ ఖాళీ గడిని పట్టుకోగల మనిషి సంస్థకు ఎంత విలువైనవారో కామర్స్ చదివిన మీ అమ్మాయికి వేరే చెప్పనక్కర్లేదు.

అన్నిటికన్నా కష్టమైనది మధ్యవర్తిత్వం. తయారీ కంపెనీకి తన లోగో ఎలా వాడాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నదానికి సొంత నియమాలుంటాయి. రిటైలర్‌కు తన నియమాలుంటాయి. అమెజాన్‌నే చూడండి, ప్రధాన ఫొటోకు వెనుక తెలుపు తప్ప మరో రంగు ఉండకూడదని, ఫ్రేములో 85 శాతం వస్తువే నిండాలని అడుగుతుంది. కంపెనీవారేమో లక్షలు పోసి తీయించుకున్న కొండల నేపథ్యం ఫొటోనే పెట్టమంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ మధ్యలో నిలబడి, కారణాలు చూపించి, ఎవరినీ నొప్పించకుండా ‘కుదరదు’ అని చెప్పడం ఏ పాఠ్యపుస్తకమూ నేర్పని విద్య. నా దృష్టిలో ఈ ఉద్యోగం ఇచ్చే అసలు సంపాదన అదే.

దీనికి ఎదుగుదల ఉందా అంటే, ఉంది. 1931లో ప్రోక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీలో కామే సబ్బు ప్రకటనలు చూస్తున్న నీల్ మెకెల్రాయ్ అనే యువ ఉద్యోగి, ఒక్కో బ్రాండ్ బాధ్యతను ప్రత్యేకంగా కొందరికి అప్పగించాలని మూడు పేజీల నోట్ రాశాడు. బ్రాండ్ మేనేజ్‌మెంట్ అనే వృత్తికి అదే మొదలని చెబుతారు. 1948లో అతనే ఆ కంపెనీ అధ్యక్షుడయ్యాడు. ఇప్పుడు ఆ బాధ్యతలో పెద్ద భాగం రిటైలర్ వెబ్‌సైట్లలోకి చేరింది. 2024లో ఒక్క అమెజాన్‌కే ప్రకటనల మీద 5,600 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది. రెండు మూడేళ్లు ఈ పని బాగా చేసినవాళ్లు తయారీ కంపెనీల బ్రాండ్ విభాగాలకో, రిటైలర్ల దగ్గరే ఒక విభాగం అమ్మకాలు చూసే బాధ్యతకో వెళ్లవచ్చు. విశేషణాలు పేర్చే రాతపనిని ఇప్పుడు యంత్రాలే చేసేస్తున్నాయి కాబట్టి, అక్కడే ఆగిపోయేవాళ్లకు మాత్రం కష్టమే.

మొదట చెప్పిన అనుమానం సంగతి. చేరేముందు మీ అమ్మాయిని మూడు విషయాలు అడగమనండి. రోజుకు ఎన్ని పేజీలు పూర్తి చేయాలి? తాను చేసిన పేజీల అమ్మకాలు, రిటర్నుల లెక్కలు తనకు చూపిస్తారా? తయారీ కంపెనీలతో తానే మాట్లాడుతుందా? రోజుకు వందల పేజీలు, లెక్కలు చూపించరు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు అంటే అది మీరు భయపడిన పనే. వద్దనండి.

ఇంకొకటి. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న ఏదో ఒక వస్తువును ఆమె ముందు పెట్టండి. స్కేలు, తూకం దగ్గర పెట్టుకుని దానికి ఒక పేజీ రాయమనండి. ఆ వస్తువును ఎన్నడూ చూడని మనిషికి అది చదివి వినిపించాలి. వాళ్లు అడిగే ప్రతి ప్రశ్నా పేజీలో లేని ఒక వివరమే. ఆ ప్రశ్నలకు ఆమె విసుక్కుంటే బ్యాంకు పరీక్షల పుస్తకాలు కొనండి. మళ్లీ స్కేలు తీసుకుని కూర్చుంటే, చేరమనండి.